గీకుడు మేస్త్రి కూతురు

ఆ మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటుండేది. అది ఎవరికీ గుర్తులేదు. పెయింట్ల షాపతని దగ్గర్నుంచి నిచ్చెనలు మోసే కూలీ దాకా అందరికీ ఆయన గీకుడు మేస్త్రే. ఇంటికి రంగులు వెయ్యమని పిలిస్తే మిగతావాళ్ళు మొదటిరోజే డబ్బా మూత తీస్తారు. ఈయన మాత్రం రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు, లప్పం పట్టే రేకు పట్టుకుని గోడల్ని గీకుతూ కూర్చుంటాడు. పాత రంగు ఎక్కడ పొట్టు లేచిందో, ఎక్కడ లోపల బోలుగా ఉందో వేలి కణుపుతో కొట్టి వింటాడు. ఇల్లంతా దుమ్ము, ఇంటావిడ ముక్కుకి గుడ్డ, ఇంటాయన ముఖం చిటపట. "రంగెప్పుడు వేస్తావయ్యా?" అని అడిగితే వినిపించనట్టే గీకుతూ ఉంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. కానీ ఆయన వేసిన రంగు పదేళ్ళయినా పొర లేచేది కాదు. అందుకని జనం తిట్టుకుంటూనే మళ్ళీ ఆయన్నే పిలిచేవాళ్ళు.

ఆయన విద్యకంతటికీ ఒకే ఒక్క సూత్రం. పొట్టు లేచిన చోట అంచుదాకా గీకి ఆపకూడదు. అంచు దాటి నాలుగు వేళ్ళ మేర గీకాలి. పైకి గట్టిగా కనిపించే ఆ అంచే రేపు లేచి కూర్చుంటుందట. ఈ నాలుగు వేళ్ళ సంగతి విని విని పనివాళ్ళ చెవులు చిల్లులు పడ్డాయి. ఈ కథలో జరిగిన తప్పంతా ఆ సూత్రం వల్లే జరిగింది.

మేస్త్రికి ఒక్కతే కూతురు. చదువైపోయాక ఏడాదిపాటు ఏదో ఆఫీసులో కూర్చుని, "ఆ కుర్చీ నాకు సరిపడదు నాన్నా, నేను నీతో వస్తా" అని లేచొచ్చేసింది. తండ్రి పైకి బెట్టు చేశాడు గానీ లోపల పొంగిపోయాడు. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆ అమ్మాయి తండ్రిని మించిపోయింది. గోడకి పైభాగం ఒక రంగు, కిందిభాగం ఒక రంగు వేస్తే రెండూ కలిసే చోట ఒక గీత కావాలి కదా. ఆ గీతకి అందరూ టేపు అంటిస్తారు. టేపు అంటించి, రంగు పూసి, ఊడబీకితే గీత మిగులుతుంది. ఒక్కోసారి దాంతోపాటు కింది రంగు కూడా ఊడొస్తుంది. ఈ పిల్లకి టేపుతో పనిలేదు. బ్రష్షు ముంచి, డబ్బా అంచుకి రెండు వైపులా ఒత్తి, గుండెల నిండా ఊపిరి పీల్చి బిగబట్టి, చెయ్యి సాచి ఒక్క లాగు లాగుతుంది. లాగినంతసేపూ ఉలుకూ పలుకూ ఉండదు. పక్కన పిడుగు పడినా తల తిప్పదు. లాగడం అయ్యాక "హమ్మయ్య" అని ఊపిరి వదులుతుంది. ఆ గీత పక్కన స్కేలు పెట్టి చూసినవాళ్ళు స్కేలునే అనుమానించారు. అలాంటి చెయ్యి లక్షమందిలో ఒకరికుంటుంది, నేను ఊరికే పొగడటంలేదు.

ఆ చేతికి, మోచేతి మీద, ఆమె ఇరవయ్యారో ఏట ఒక మచ్చ లేచింది. చొక్కా గుండీ అంత. ఎర్రగా, కాస్త ఎత్తుగా, పైన వెండిరంగు పొట్టు. రెండు నెలల్లో అది అరచేయంత అయింది. రెండో మోచేతికి దాని జోడీ వచ్చింది. తర్వాత మోకాళ్ళు, ఆ తర్వాత జుట్టు మొదళ్ళు. ముదురురంగు చొక్కా వేసుకుంటే భుజాల మీద తెల్లగా రాలేది. చూసినవాళ్ళు లప్పం దుమ్మనుకునేవాళ్ళు. ఆమె కూడా అవునవును, దుమ్మే అనేది. ఎంత ఉక్కపోతలోనైనా పొడుగు చేతుల చొక్కా వేసుకుని మణికట్టు దాకా గుండీలు పెట్టుకోవడం మొదలుపెట్టింది.

ఇంట్లో పంచాయితీ మొదలైంది. థిన్నర్ వల్లేనని తండ్రి మూడు కంపెనీలు మార్చాడు. సబ్బు వల్లేనని తల్లి ఐదు సబ్బులు మార్చింది. అంతటితో ఊరుకోక వంటింట్లోంచి వారానికో కూరగాయని వెలివేసింది. చివరికి ఏం వండాలో తోచక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకునే స్థితి వచ్చింది. మచ్చ మాత్రం తన పని తాను చేసుకుపోయింది.

ఒక ఆదివారం పొద్దున మేస్త్రి కూతురి మోచేతిని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. గోటితో పొట్టు కాస్త లేపి చూశాడు. ముప్పై ఐదేళ్ళ అనుభవం ఆయన లోపల్నించి తల ఊపింది.

"పొట్టు మీద మందు రాస్తున్నావు తల్లీ. పొట్టు మీద ఏం వేసినా నిలవదు. ముందు గీకాలి."

"గోడ కాదు నాన్నా, చర్మం."

"పైపొర ఎక్కడైనా పైపొరే. నాకొదిలెయ్."

ఆమె వదిలేసింది. దాన్ని తెలివితక్కువతనం అనడానికి నాకు నోరు రాదు. ఆయన చేతిలో పడ్డాక బాగుపడని గోడని ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చూడలేదు మరి. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం వరండాలో రెండు స్టూళ్ళు పడేవి. గోరువెచ్చని నీళ్ళలో మోచేతులు నానబెట్టించి, మడమలు రుద్దుకునే నురగరాయితో రుద్ది, ఇంకా మొండికేసిన చోట ఉన్నవాటిలోకెల్లా నున్నటి ఎమరీ పేపరుతో మెత్తగా (ఆయన దృష్టిలో మెత్తగా) రుద్ది, ఆపైన ఆమె మందుల షాపులో కొనుక్కున్న లేపనం పూసేవాడు. మచ్చ అంచు దగ్గర ఆగాడా? ఆగలేదు. నాలుగు వేళ్ళ మేర దాటించాడు. ఆమె పళ్ళు బిగబట్టి వీధివైపు చూస్తూ కూర్చునేది. పని అయ్యేసరికి మోచెయ్యి పొట్టు లేకుండా నున్నగా, ఎర్రగా ఉండేది. మేస్త్రి భార్యని పిలిచి, "చూశావా, ఎంత శుభ్రంగా వచ్చిందో!" అని చూపించుకునేవాడు.

మూడో వారం దాటేసరికి మచ్చ పెరిగింది. ఎటుపడితే అటు కాదు. పాత అంచుకి చుట్టూ నాలుగు వేళ్ళ వెడల్పున, తిన్నగా, చెయ్యి తిరిగిన మనిషి గీసినట్టు పెరిగింది. అది ఎవరి చేతిపనో మేస్త్రికి ఒకరు చెప్పక్కర్లేదు. రంగు కొట్టిన చెయ్యి ఎవరిదో గోడని చూసి చెప్పేవాడికి తన చెయ్యి తనకి తెలియదా?

"ఇక మీ పనితనం చాలు. పద డాక్టరు దగ్గరికి" అంది భార్య. ఆవిడ గొంతు పెంచడం ఆ ఇంట్లో అరుదు కాబట్టి తండ్రీ కూతుళ్ళిద్దరూ మారుమాట్లాడకుండా చెప్పులేసుకున్నారు.

చర్మం డాక్టరు నడివయసు ఆవిడ. మోకాళ్ళు చూసింది, తల చూసింది, గోళ్ళు చూసింది. మోచేతుల దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"మోకాళ్ళ మీద గుండ్రంగా ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఈ తిన్నని అంచేంటమ్మా? ఏమైనా తగిలిందా?"

"గోడకి రాసుకుంది డాక్టర్" అంది కూతురు, క్షణం కూడా ఆలోచించకుండా.

మేస్త్రి కుర్చీలో సర్దుకున్నాడు. ఊరుకుంటే గండం గడిచిపోయేది. కూతురు వేసిన రంగు చక్కగా కప్పేసింది కూడా. కానీ లోపల పొట్టుంచుకుని పైన రంగేస్తే ఊరుకునే మనిషి కాదాయె.

"గోడ కాదు డాక్టరమ్మా. నేను" అన్నాడు. ఆదివారాలు, నురగరాయి, ఎమరీ పేపరు, నాలుగు వేళ్ళు, ఒక్కటి దాచకుండా చెప్పాడు.

డాక్టరు తిట్టలేదు. కలం పక్కన పెట్టింది. "ఇది సోరియాసిస్. ఈ జబ్బున్న చాలామందికి ఒక గుణం ఉంటుంది. మామూలుగా ఉన్న చర్మానికి గాయమైతే, రెండు మూడు వారాల్లో అక్కడ కూడా కొత్త మచ్చ లేస్తుంది. మీరు దాటించిన నాలుగు వేళ్ళూ బాగున్న చర్మం. అది ఇప్పుడు మచ్చయింది."

మేస్త్రి తల దించుకున్నాడు. డాక్టరు కూతురి వైపు తిరిగింది.

"చర్మం అడుగున పుట్టిన కణం పైకొచ్చి రాలిపోవడానికి మామూలుగా నెల పడుతుందమ్మా. నీకు మచ్చ ఉన్నచోట మూడు నాలుగు రోజుల్లో వచ్చేస్తోంది. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే పొరబడి, తొందర తొందర అని లోపల్నించి తరుముతోంది. ఒక పొర ముదిరేలోపే వెనక ఇంకో పొర తోసుకొస్తుంది. ఆ మందం, ఆ పొట్టు అందుకే."

"అంటే మొదటి కోటు ఆరకముందే రెండో కోటు కొట్టినట్టు" అన్నాడు మేస్త్రి, తల దించుకునే.

"సరిగ్గా అలాగే."

"అట్లాంటివాణ్ణి నేను మధ్యాహ్నానికల్లా పనిలోంచి తీసేస్తా డాక్టరమ్మా. ఈ లోపలివాణ్ణి తీసేసే మార్గం లేదా?"

"తీసేసే మందు ఇంకా రాలేదు. నెమ్మదించమని చెప్పే మందులున్నాయి. కొన్నాళ్ళు తగ్గుతుంది, మళ్ళీ ఎప్పుడో లేస్తుంది. గొంతునొప్పి వచ్చినా, చలికాలమైనా, మనసు బాగోకపోయినా లేవచ్చు. ముట్టుకుంటే అంటుకోదు. మురికి వల్ల వచ్చింది కాదు. మీ రంగుల వల్ల వచ్చిందీ కాదు. వేళ్ళు వాచినా, పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకున్నా మాత్రం ఆగకుండా నా దగ్గరికి రావాలి. చర్మాన్ని రుద్దకండి, గీకకండి, గోకకండి."

"కూరగాయలు?" అంది తల్లి.

"అన్నీ తినొచ్చమ్మా."

వెలివేసిన కూరగాయలన్నీ ఆ సాయంత్రమే సగౌరవంగా ఇంటికి తిరిగొచ్చాయి.

ఇక ఆ పిల్ల సంగతి చెప్పాలి. చెబుతుంటే నాకే ముచ్చటేస్తుంది. జబ్బు పేరు తెలిసిన మర్నాటి నుంచి ఆమె దాన్ని పనిలాగే నేర్చుకుంది. స్నానం గోరువెచ్చని నీళ్ళతో, కొద్దిసేపే. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకోవడం. ఒళ్ళు ఇంకా చెమ్మగా ఉండగానే మాయిశ్చరైజర్ పట్టించడం. లేపనం మచ్చల మీద మాత్రమే, పల్చగా, డాక్టరు చెప్పినన్ని వారాలే. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో నిలువెత్తు పెట్టెలో నిలబడి ఒంటికి లైటు వైద్యం చేయించుకోవడం. తు.చ. తప్పేది కాదు. ఐదో నెలకి మోకాళ్ళు దాదాపు మామూలయ్యాయి. మోచేతుల చుట్టూ లేచిన ఆ తిన్నని అంచులు కూడా మాసిపోయాయి. నడిమి మచ్చలు మాత్రం పల్చబడి అక్కడే కూర్చున్నాయి. అంతలో ఒక జలుబు, గొంతునొప్పి. పది రోజుల్లో ఒంటినిండా చినుకుల్లా చిన్న చిన్న మచ్చలు. ఆ రోజు సాయంత్రం గది తలుపేసుకుని ఏడ్చింది. మర్నాడు పొద్దున ఏడింటికి టిఫిను డబ్బా సర్దుకుంటూ, "వస్తే వచ్చింది. పోయేదాకా నాతోపాటు పనికి రానీ" అంది.

పొడుగు చేతుల చొక్కాలు రాసుకుని మంట పెడుతున్నాయని కత్తెర తీసుకుని అన్నిటికీ మోచేతి పైదాకా కత్తిరించేసింది. మొదటిరోజు పనివాళ్ళంతా చూసీ చూడనట్టు చూశారు. లప్పం కలిపే అతను ఉండబట్టలేక, "అంటుకుంటుందా అక్కా?" అని అడిగాడు.

"అంటుకునేదైతే ఈపాటికి నా గీత నీకు అంటుకునుండేది. నాలుగేళ్ళ నుంచి పక్కనే ఉన్నావు, ఒక్కటైనా తిన్నగా వచ్చిందా?"

అందరూ గొల్లున నవ్వారు. అతను కూడా నవ్వేశాడు. ఆ తర్వాత ఆ పనిలో దాని గురించి ఎవరూ గుసగుసలాడలేదు.

బాగుపడనిది మేస్త్రి ఒక్కడే. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళు కొంతలో కొంత నయం. ఈయన ఆకులు పట్టుకెళ్ళి కూతురి చేతికి చుట్టబోయాడు. దుమ్ము పడుతుందని గీకుడు పని నుంచి తప్పించాడు. ఎండ పడుతుందని బయటి గోడల నుంచి తప్పించాడు. చెమట పడుతుందని పైకప్పు పని మాన్పించాడు. ఒక్కొక్కటే తీసేస్తూ పోతే చివరికి ఆమెకి డబ్బాల మీద లేబుళ్ళు చదివే పని మిగిలింది. ఆమె ఓపిగ్గానే ఉంది. ఎందుకంటే త్వరలో గ్రంథాలయంలో పుస్తకాల హాలు పని ఉంది.

అది చాలా పెద్ద హాలు. నాలుగు గోడలకీ బీరువాలు, బీరువాల పైన ఖాళీ గోడ. పైన మీగడ రంగు, కింద బూడిద రంగు, రెంటి మధ్యా బొటనవేలంత వెడల్పు నీలం గీత. తలుపు పక్కన మొదలై నాలుగు గోడలూ చుట్టి మళ్ళీ తలుపు దగ్గరికొచ్చి తనలో తానే కలవాలి. టేపు లేకుండా అంత గీత గీసినవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. పని ఒప్పుకున్న రోజు నుంచి ఆమె దాన్నే తల్చుకుంటోంది. అన్నం తింటూ కూడా చూపుడువేలితో బల్ల మీద గీత లాగుతుంటే తల్లి చేతిమీద ఒక్కటిచ్చేది.

హాలు పనికి రెండు రోజుల ముందు ఆమె బ్రష్షుల కోసం పెయింట్ల షాపుకి వెళ్ళింది. షాపతను నవ్వుతూ, "ఏంటమ్మాయ్, మీ నాన్నకి ఒంట్లో బాగానే ఉందా? నిన్నొచ్చి టేపు కొనుక్కెళ్ళాడు, పన్నెండు చుట్టలు" అన్నాడు.

టేపు పేరెత్తితే మండిపడే మనిషి. టేపు వాడటమంటే వయసొచ్చాక కూడా మూడు చక్రాల సైకిలు తొక్కడమేనని చెప్పే మనిషి. ఆయన టేపు కొన్నాడంటే దానికి ఒకటే అర్థం. హాల్లో గీత గీసేది తను కాదు.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా అడిగింది.

"మూడు రోజులు చెయ్యెత్తి ఉంచాలి తల్లీ. మోచెయ్యి పగిలితే? మళ్ళీ లేస్తే? గీత మన పనివాళ్ళు గీస్తారు, టేపుతోనే రానీ."

"నీ హాల్లో టేపా నాన్నా?"

"నా హాలు నాకు ముఖ్యం కాదు." ఆయన ఆమె మోచేతి వైపు చూశాడు. "నీ చేతిమీద నేను తెచ్చిపెట్టింది చూశాక నాకు అన్నం సయించడంలేదు. ఇంకోసారి నా పని వల్ల..."

"నువ్వు తెచ్చింది ఎప్పుడో పోయింది. ఇది చూడు, ఇది నాది." మోచెయ్యి చాపి చూపించింది. "నేను ఇంట్లో కూర్చున్నా వస్తుంది, హాల్లో నిలబడ్డా వస్తుంది. వచ్చినప్పుడల్లా నేను పని మానుకుంటే, దానికి నేను పనిమనిషినవుతా. అప్పుడు నా చేతిమీద పొట్టు గీకావు, తెలియక చేశావు, సరే. ఇప్పుడు నన్నే పనిలోంచి గీకేస్తున్నావు. ఇది తెలిసే చేస్తున్నావు."

తల్లి వంటింటి గుమ్మంలో నిలబడి వింటోంది. "ఆ టేపు నాకిచ్చెయ్యండి, డబ్బాల మూతలకి పనికొస్తుంది" అంది భర్తతో. అంతటితో తీర్పు అయిపోయింది.

హాలు పని మొదలైన రోజు మేస్త్రి నోరు కుట్టేసుకుని నిలబడ్డాడు. నడుమెత్తు బల్ల, కింద నాలుగు చక్రాలు. దాని మీద నిలబడితే గీత కంటికి సూటిగా ఉంటుంది. కూతురు పొట్టి చేతుల చొక్కాతో బల్లెక్కి, తలుపు పక్కన బ్రష్షు ఆనించి, ఊపిరి బిగబట్టి లాగింది. "హమ్మయ్య." బల్ల మీద పక్కకి జరిగి మళ్ళీ ముంచింది. మొదటి గోడ సగమయ్యేసరికి మేస్త్రి ఒక సంగతి గమనించాడు. ఎప్పుడూ చెయ్యి పూర్తిగా సాచి బారెడు గీత లాగే పిల్ల ఇవాళ జానెడు జానెడు లాగుతోంది. జానెడుకొక అతుకు. అతుకంటే ప్రమాదం, కొత్తగా లాగింది పాతదాన్ని కలిసే చోటే గీత వంకరపోతుంది. కానీ ఒక్క అతుకూ కనిపించడంలేదు. ఇదేదో కొత్త పద్ధతి కనిపెట్టిందని ఆయన మురిసిపోయాడు. ఎవరికైనా చెప్పుకోవాలని చూస్తుండగా హాలు అధికారి వచ్చాడు.

అధికారి పెద్దవయసు మనిషి, కళ్ళజోడు దారానికి వేలాడుతుంటుంది. గీత చూసి ఆశ్చర్యపోయాడు. తర్వాత మోచెయ్యి చూశాడు. చూసి, మేస్త్రి దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు.

"ఆ అమ్మాయి చేతికేమైంది మేస్త్రీ? ఇక్కడికి నలుగురూ వచ్చి కూర్చునే చోటు కదా, ఏం అనుకోకు."

కూతురు ఊపిరి బిగబట్టి ఉంది. బ్రష్షు గోడ మీద ఉంది. ఆమె చెవిన పడిందో లేదో తెలియదు, పడినా పలకదు. ఇక చెప్పాల్సింది మేస్త్రే. ఒక్క క్షణం ఆయన కళ్ళు సంచిలో ఉన్న తన పొడుగు చేతుల చొక్కా వైపు పోయాయి, ఆమెకి తొడిగేద్దామా అన్నట్టు. ఆ క్షణం గడిచింది.

"సోరియాసిస్ అంటారు సార్" అన్నాడు, హాలంతా వినపడేలా. "నా కూతురు. అది అంటుకునేది కాదు. మురికి కాదు, రంగు పడక వచ్చింది కాదు. మనకి చర్మం నెలకొకసారి మారుతుంది, మా అమ్మాయికి అక్కడ మూడు రోజులకే వచ్చేస్తుంది. మొదటి కోటు ఆరకుండా రెండోది కొట్టినట్టు. లోపలివాడికి తొందర. గీకితే ఇంకా ఎక్కువవుతుంది. ఆ సంగతి నాకు బాగా తెలుసు, గీకింది నేనే కాబట్టి. తన వైద్యం తనే క్రమం తప్పకుండా చేసుకుంటుంది. ఇంత తిన్నటి గీత గీసేవాళ్ళు మీకు ఎక్కడా దొరకరు సార్."

లప్పం అతను పని ఆపి వింటున్నాడు. మేస్త్రి అంతసేపు ఏకధాటిగా మాట్లాడటం ఎవరూ ఎరగరు. అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డమనిషి కాదు. తెలియక అడిగాడు, తెలిశాక తల ఊపాడు.

"అలాగా. నాకు తెలియదు మేస్త్రీ." మళ్ళీ బల్ల వైపు చూశాడు. "నొప్పిగా ఉంటుందా పాపం?"

మేస్త్రి కూడా బల్ల వైపు తిరిగాడు.

మచ్చ లేచి ఏడాదిన్నరైంది. పొట్టు రంగు ఆయనకి తెలుసు, అంచు కొలత తెలుసు, ఎన్ని రోజులకి లేస్తుందో తెలుసు, డాక్టరు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పగలడు. నొప్పిగా ఉంటుందో లేదో తెలియదు. తనెప్పుడూ అడగలేదు. నురగరాయి పట్టుకున్న ఆదివారాలన్నిటిలోనూ ఎదురుగా కూర్చున్న ముఖం వైపు ఒక్కసారి చూసుంటే తెలిసేది. ఆయన మోచెయ్యే చూశాడు. ముక్కూ ముఖం తెలియని పెద్దమనిషికి అర నిమిషంలో తట్టిన ప్రశ్న కన్నతండ్రికి తట్టలేదు.

"హమ్మయ్య" అని వినిపించింది. మేస్త్రి బల్ల దగ్గరికి వెళ్ళి తల పైకెత్తాడు.

"తల్లీ. నొప్పిగా ఉంటుందా?"

ఆమె బ్రష్షు డబ్బా మీద అడ్డంగా పెట్టింది. తండ్రి ముఖంలోకి చూసింది. నవ్వబోయి, నవ్వలేక, బల్ల మీద కూర్చుండిపోయింది.

"రోజూ ఉండదు నాన్నా. కొన్ని రోజులు అసలు గుర్తే ఉండదు. కొన్ని రోజులు కారం చేత్తో ముట్టుకున్నట్టు మండుతుంది. చలికాలంలో బిగిసిపోయి చీలుతుంది. దురద మాత్రం నీకు చెప్పినా అర్థంకాదు, చర్మం లోపలికి చెయ్యిపెట్టి గోక్కోవాలనిపిస్తుంది."

"ఇవాళ?"

"ఇవాళ పూర్తిగా చాపితే చీలిక లాగుతోంది. మంట కళ్ళలోకి వస్తుంది. అందుకే జానెడు జానెడు గీస్తున్నా."

కొత్త పద్ధతి అదన్నమాట. అంతసేపూ మేస్త్రి దాన్నే చూసి మురిసిపోయాడు. అలా లాగుతూ కూడా అతుకు కనిపించకుండా గీసిందే! తన జన్మలో తాను అంత పని చెయ్యలేదని ఆయనకి తెలిసిపోయింది, ఆ మాట పైకే అన్నాడు. "నేనైతే గీయలేను తల్లీ. ఇంటికి పోదామా?"

"వద్దు. గియ్యాలనుంది."

"అయితే చెయ్యి ఎంత మడిచి ఉంచితే లాగదు?"

ఆమె చూపించింది. మోచెయ్యి నడుముకి ఆనించి, బ్రష్షు ముఖానికెదురుగా. అలా ఉంటే చెయ్యి కదలదు, చెయ్యి కదలకపోతే గీత ముందుకి పోదు. మేస్త్రి కాసేపు చక్రాల వైపు చూశాడు. తర్వాత చుట్టిపెట్టిన గోనెపట్టా నేలమీద పరిచి, బల్ల వెనక మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నువ్వు చెయ్యి కదపకు. బల్లని నేను నెడతా. నువ్వెలాగూ మాట్లాడవు కదా, మడమతో ఒకసారి తడితే నెడతా, రెండుసార్లు తడితే ఆపుతా."

లప్పం అతను నెడతానని ముందుకొచ్చాడు. మేస్త్రి వద్దన్నాడు.

మడమ ఒకసారి తట్టింది. మేస్త్రి రెండు చేతులూ బల్ల అంచుకి ఆనించి నెట్టాడు, నిండు కుండ జరిపినంత నెమ్మదిగా. ఎక్కడా కుదుపు తగలకూడదు. ఆయన కళ్ళు నేలమీద, చెవులు ఆమె మడమ మీద. పైన గోడ మీద ఏం జరుగుతోందో ఆయనకి కనిపించదు. ఏ గోడనైనా చూడకుండా, వేలు పెట్టకుండా ఉండటం ఆయనకి అదే మొదటిసారి. రెండుసార్లు తట్టింది, ఆపాడు. బ్రష్షు ముంచిన చప్పుడు. ఒకసారి తట్టింది, నెట్టాడు. మధ్యాహ్నానికి మొదటి గోడ అయింది. మూడు రోజుల పని ఐదు రోజులు పట్టింది. ఏ రోజు ఎంతసేపన్నది ఆమె చెప్పింది. ఒకరోజు రెండు గంటలకే చాలంది, ఎందుకని ఎవరూ అడగలేదు. అధికారి రోజూ వచ్చి కాసేపు నిలబడి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళిపోయేవాడు.

ఐదో రోజు సాయంత్రం నాలుగో గోడ చివర, తలుపు పక్కన, మడమ రెండుసార్లు తట్టింది. మేస్త్రి ఆపాడు. పైన పెద్దగా "హమ్మయ్య" వినిపించింది. పనివాళ్ళందరూ గీత కలిసిన చోటు చూడటానికి ఒకరినొకరు తోసుకుంటూ తలుపు దగ్గరికి చేరారు. ఎవరో ఈల వేశారు. మేస్త్రి పట్టేసిన నడుము పట్టుకుని మెల్లగా లేచాడు. గోడ వైపు చూడలేదు. కూతురి ముఖం వైపు చూశాడు.

"లాగిందా?" అని అడిగాడు.

"కొంచెం" అంది ఆమె, దిగడానికి ఆయన చేతికి తన చెయ్యి అందిస్తూ.